బైక్‌కు రంగురంగుల టైటానియం బోల్టులు.. డిస్క్ బ్రేక్ జోలికి వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఈమధ్య ఇదో ట్రెండ్. నీలం, బంగారు, ఊదా రంగుల్లో మెరిసిపోయే బోల్టులు. తుప్పు పట్టిన పాత బోల్టు విప్పడం.. కొత్తది బిగించడం.. చివర్లో రెంచ్ 'టిక్' మనడం. నిమిషం కూడా పట్టని వీడియో. చూస్తే మన బండికీ ఇలాంటివి వేయించాలనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా ఇంటి గుమ్మంలోకి ప్యాకెట్ వచ్చేస్తుంది. అసలు చిక్కు ఆ ప్యాకెట్ విప్పాకే మొదలవుతుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే.. టైటానియం బోల్టుతో బైక్ స్పీడ్ పెరగదు. మైలేజీ కూడా పెరగదు. దొరికేది తుప్పు పట్టని గుణం, కాస్త అందం. పోయేది కొన్ని వందల గ్రాముల బరువు, కొన్ని వేల రూపాయలు. సరైన చోట సరైన బోల్టు పడితే నష్టం లేదు. నకిలీ బోల్టు బ్రేక్ కాలిపర్ దగ్గర పడితే మాత్రం, 65వ నంబర్ జాతీయ రహదారి మీద లారీ వెనకాల వెళ్తున్నప్పుడు దాని సంగతి తెలుస్తుంది.

బరువు ఎంత తగ్గుతుంది?

టైటానియం స్టీల్ కంటే తేలిక. ఒక ఘన సెంటీమీటర్ స్టీల్ సుమారు 7.85 గ్రాములు తూగితే, బోల్టులకు వాడే టైటానియం మిశ్రమం 4.43 గ్రాములే తూగుతుంది. అంటే అదే సైజు బోల్టు దాదాపు 43 శాతం తేలిక. ఈ అంకె వినగానే ఎవరికైనా బాగా ఆశ పుడుతుంది. కానీ లెక్క ఇలా వేసి చూడండి.

బైక్‌లో ఎక్కువగా కనిపించే ఎం8 సైజు, 30 మిల్లీమీటర్ల పొడవున్న స్టీల్ బోల్టు 17 గ్రాముల దాకా ఉంటుంది. అదే టైటానియంలో తొమ్మిదిన్నర, పది గ్రాములు. ఒక్కో బోల్టుకు తగ్గేది ఏడెనిమిది గ్రాములు. అలాంటివి 30 మార్చినా తగ్గేది పావు కిలోలోపే. అది సుమారు 300 మిల్లీలీటర్ల పెట్రోల్ బరువు. సూర్యాపేటలో బండి స్టార్ట్ చేసి కోదాడలో దిగేలోపు అంతకంటే ఎక్కువ పెట్రోలే కాలిపోతుంది. 112 కిలోల స్ప్లెండర్‌కైనా, 195 కిలోల క్లాసిక్ 350కైనా ఈ పావు కిలో తేడా నడిపేవాడికి తెలియనే తెలియదు.

మరి రేస్ బైకుల్లో ఎందుకు వాడతారు? అక్కడ సెకనులో వెయ్యో వంతు కూడా లెక్కే. పైగా చక్రంతో పాటు తిరిగే భాగాల్లోనూ, సస్పెన్షన్ కింద ఉండే భాగాల్లోనూ, ఇంజిన్ లోపల వేగంగా కదిలే భాగాల్లోనూ తగ్గిన ప్రతి గ్రాముకూ విలువ ఎక్కువ. హోండా 1987లో తెచ్చిన వీఎఫ్ఆర్750ఆర్ బైక్‌లో ఇంజిన్ కనెక్టింగ్ రాడ్లే టైటానియంతో చేశారు. అది రేస్ కోసం పుట్టిన బండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల రోడ్డులో ఊక లారీల మధ్య తిరిగే బండికి ఆ లెక్క వర్తించదు.

ఇంత ఖరీదు ఎందుకు?

టైటానియం అరుదైన లోహం కాదు. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో కనిపించే నల్లటి ఇల్మనైట్ ఖనిజంలోనే అది ఉంటుంది. దాన్ని లోహంగా మార్చడమే తలనొప్పి. ఖనిజాన్ని క్లోరిన్‌తో కలిపి టెట్రాక్లోరైడ్‌గా మార్చి, దాన్ని మెగ్నీషియంతో చర్య జరిపిస్తే స్పాంజ్ లాంటి ముద్ద వస్తుంది. దీన్నే క్రోల్ పద్ధతి అంటారు. ఆ స్పాంజ్‌ను గాలి తగలకుండా వాక్యూమ్ కొలిమిలో కరిగించాలి. కరగడానికే 1,668 డిగ్రీల వేడి కావాలి. కేరళలోని చవరలో ఉన్న టైటానియం స్పాంజ్ ప్లాంటుకు టెక్నాలజీ ఇచ్చింది హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ ల్యాబే.

సూర్యాపేట నుంచి సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధానీ ఉంది. 1973లో ఏర్పాటైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమాలు తయారు చేస్తుంది. శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు కూడా చేస్తుంది. అలాగని ఆన్‌లైన్‌లో 'ఏరోస్పేస్ గ్రేడ్' అని రాసి ఉన్న ప్రతి బోల్టూ ఇలాంటి చోట నుంచే వచ్చిందనుకోవద్దు. ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. కవర్ మీద రాకెట్ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలి బోల్టు రాకెట్‌ది అయిపోదు కదా.

గ్రేడ్ చూడకుండా కొనొద్దు

అసలు విషయం ఇక్కడే ఉంది. టైటానియం అంటే ఒకటే రకం కాదు. బోల్టులకు పనికొచ్చేది గ్రేడ్ 5. ఇందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుస్తాయి. గ్రేడ్ 2 అంటే దాదాపు శుద్ధమైన టైటానియం. తుప్పు దీనికీ పట్టదు, కానీ బలం మాత్రం గ్రేడ్ 5తో పోలిస్తే సగం కూడా ఉండదు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

ఇప్పుడు మీ బండి దగ్గరికి వెళ్లి స్టీల్ బోల్టు తలకాయ మీద చూడండి. చాలావాటిపై 8.8 అనో, 10.9 అనో, 12.9 అనో అంకె ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే ఆ బోల్టు తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 8.8 అంటే 800, 10.9 అంటే 1000, 12.9 అంటే 1200. గ్రేడ్ 5 టైటానియం బలం సుమారు 900 నుంచి 950. అంటే 8.8 బోల్టు కంటే ఎక్కువ, 10.9 కంటే తక్కువ.

చాలామందికి తెలియనిది ఇదే. 'టైటానియం స్టీల్ కంటే బలం' అన్న మాట సగం నిజం. ఒకే బరువు తీసుకుంటే టైటానియమే బలం. ఒకే సైజు తీసుకుంటే మంచి స్టీల్ బోల్టే బలం. కంపెనీ 10.9 బిగించిన చోట అదే సైజు టైటానియం బిగిస్తే, వేలు ఖర్చు పెట్టి బలం తగ్గించుకున్నట్టు.

ఇంకో రకం మోసం ఉంది. అల్యూమినియం బోల్టుకు రంగు ఎక్కించి టైటానియం పేరుతో అమ్మడం. అల్యూమినియంలో గట్టి రకమైన 7075 కూడా బలంలో గ్రేడ్ 5కు సగం పైచిలుకే. మామూలు 6061 అయితే మూడో వంతు. ఫెయిరింగ్‌కు బిగిస్తే పర్లేదు. డిస్క్‌కు బిగిస్తే?

నకిలీని ఇంట్లోనే పట్టేయొచ్చు

అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది చెబుతారు. స్టీల్ బోల్టుకు రంగేసి అమ్మితే అయస్కాంతానికి దొరికిపోతుంది, నిజమే. కానీ అల్యూమినియం, చాలా రకాల స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి అతుక్కోవు. కాబట్టి ఆ ఒక్క పరీక్ష చాలదు.

దీనికంటే నమ్మకమైన పద్ధతి వంటింట్లోనే ఉంది. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి చాలు. ముందు పది బోల్టులు కలిపి తూకం వేయండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి రీడింగ్‌ను సున్నా చేయండి. బోల్టులన్నీ దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ, పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. ఇప్పుడు కాటా చూపించే అంకె అంటే బోల్టులు పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను ఈ అంకెతో భాగించండి. 4.4 దగ్గర వస్తే టైటానియం. 2.8 దగ్గర వస్తే అల్యూమినియం. 7.8 దాకా వస్తే స్టీల్. ఉదాహరణకు పది బోల్టులు 95 గ్రాములు ఉండి, నీళ్లలో ముంచినప్పుడు కాటా 21 నుంచి 22 చూపిస్తే సరుకు టైటానియమే. స్కూల్లో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

గ్రైండర్‌కు తాకిస్తే కూడా తెలుస్తుంది. టైటానియం కళ్లు చెదిరే తెల్లటి రవ్వలు చిమ్ముతుంది. స్టీల్ రవ్వలు పసుపు, నారింజ రంగులో ఉంటాయి. అల్యూమినియం అసలు రవ్వలే రాల్చదు. కాకపోతే ఈ పరీక్షలో ఒక బోల్టు పోయినట్టే, కళ్లద్దాలు లేకుండా చేయనూ కూడదు.

ఈ పరీక్షలకు దొరకనిది ఒకటుంది. గ్రేడ్ 2, గ్రేడ్ 5 సాంద్రతలు దాదాపు సమానం. నీళ్ల గ్లాసు వాటి తేడా పట్టలేదు. దానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కావాలి. నగల షాపులో బంగారం క్యారెట్ చూసే యంత్రం కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. మామూలు కస్టమర్‌కు దారి ఒకటే. బిల్లులో గ్రేడ్ రాసిచ్చే, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ చూపించే చోటే కొనాలి. అడిగితే నవ్వి మాట దాటేసే చోట కొనకపోవడమే మంచిది.

మరి ఆ రంగులేంటి అంటారా? అవి పెయింట్ కాదు. టైటానియం మీద సహజంగా ఉండే సన్నని ఆక్సైడ్ పొరను కరెంటుతో మందం పెంచుతారు. పొర మందాన్ని బట్టి వెలుతురు రకరకాలుగా పరావర్తనం చెంది నీలం, బంగారు, ఊదా రంగులు కనిపిస్తాయి. నీళ్ల మీద నూనె చుక్క పడితే రంగులు కనిపించినట్టే. స్పానర్ జారి గీత పడితే ఆ చోట రంగు పోతుంది, బలం పోదు.

అసలు ప్రమాదం బిగించేటప్పుడే

మన దగ్గర చాలా మెకానిక్ షాపుల్లో బోల్టు బిగించేది చేతి అంచనాతోనే. ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి స్టీల్ బోల్టు విషయంలో పెద్దగా తప్పు చేయదు. పానా మీద ఎంత బిగువు తగిలితే చాలో ఆ చేతికి తెలుసు. టైటానియం దగ్గర ఆ అంచనా పనిచేయదు. అది మెకానిక్ తప్పు కాదు, లోహం తీరే వేరు.

బోల్టు అంటే నిజానికి గట్టి స్ప్రింగ్ లాంటిది. బిగించినప్పుడు అది కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి లాగే బలమే రెండు భాగాల్ని పట్టి ఉంచుతుంది. టైటానియం బిగువు గుణం స్టీల్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే ఒకే బలానికి స్టీల్ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. స్టీల్‌కు అలవాటు పడిన చెయ్యి 'ఇంకా బిగువు రాలేదే' అనుకుని మరో అర చుట్టు తిప్పే అవకాశం ఇక్కడే ఉంది.

రెండోది మర పట్టేయడం. టైటానియం మర పొడిగా రుద్దుకుంటే ఒకదానికొకటి కరుచుకుపోతుంది. సగం లోపలికి వెళ్లాక ఇటు రాదు, అటు పోదు. బలవంతం చేస్తే తలకాయ తెగుతుంది, లేదంటే అల్యూమినియం కేసింగ్‌లోని మర మొత్తం ఊడొస్తుంది. అప్పుడు డ్రిల్ చేసి హెలికాయిల్ వేయాల్సిందే. అందంగా కనిపించాలని మొదలుపెట్టిన పని ఇంజిన్ కవర్ దాకా పోతుందన్నమాట. అందుకే టైటానియం బోల్టు మరకు యాంటీ సీజ్ పేస్ట్ పూయకుండా బిగించకూడదు. ఎయిర్ గన్ అసలు వాడకూడదు. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి.

పేస్ట్ పూశాక ఇంకో మెలిక. నున్నగా తిరిగే మరకు తక్కువ టార్క్‌తోనే ఎక్కువ బిగువు వస్తుంది. బండి మాన్యువల్‌లో పొడి స్టీల్ బోల్టుకు రాసిన న్యూటన్ మీటర్ల అంకెను యథాతథంగా వాడితే బోల్టు అవసరానికి మించి సాగిపోతుంది. బోల్టు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన టార్క్ అంకెనే, టార్క్ రెంచ్‌తోనే పాటించాలి. ఆ అంకె ఇవ్వని బోల్టును కొనకపోవడమే తెలివైన పని. టార్క్ రెంచ్ లేదంటే పెద్ద వర్క్‌షాప్‌లోనో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో అడగండి. విజయవాడ ఆటోనగర్ కోదాడ వాళ్లకు దూరమేమీ కాదు.

ఎక్కడ ఓకే.. ఎక్కడ వద్దు?

ఫెయిరింగ్, మడ్‌గార్డ్, అద్దాలు, రేడియేటర్ గార్డ్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత.. ఇలాంటి చోట బోల్టు మార్చినా పెద్ద ప్రమాదం లేదు. ఇంజిన్ సైడ్ కవర్లకు వేయొచ్చు, కానీ జాగ్రత్తగా. అక్కడ మర అల్యూమినియంది. టైటానియం, అల్యూమినియం తాకే చోట నీళ్లు చేరితే తుప్పు పట్టేది టైటానియం కాదు, అల్యూమినియం. బోల్టు కొత్తగానే మెరుస్తుంటుంది, దాని చుట్టూ కవర్ తెల్లగా పొడి రాలుతుంది. వానాకాలం దమ్ము చేసిన పొలాల నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కించే బురదలో తిరిగే బండికి, తర్వాత బోరు నీళ్లతో కడిగే బండికి ఇది ఉత్తి మాట కాదు. పేస్ట్ పూయడానికి ఇది రెండో కారణం.

నల్గొండ వైపు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. టైటానియానికి ఫ్లోరైడ్ పడదని కెమిస్ట్రీ పుస్తకాలు చెప్పేది నిజమే, కానీ అది యాసిడ్ కలిసినప్పటి సంగతి. బోరు నీటిలోని ఫ్లోరైడ్ బోల్టును ఏమీ చేయదు. భయపడాల్సింది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిసిన ఘాటైన వీల్ క్లీనర్లకు. అవి టైటానియం రంగునే కాదు, లోహాన్నీ తినేస్తాయి. చర్మానికి తగిలినా ప్రమాదమే.

ఇక వద్దనే చోట్లు. చక్రాల యాక్సిల్, హ్యాండిల్ క్లాంపులు, ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే బోల్టులు, సిలిండర్ హెడ్ స్టడ్లు, సైడ్ స్టాండ్ పిన్ను. వీటిని ముట్టుకోకపోవడం మేలు. సిలిండర్ హెడ్ దగ్గర వేడికి అల్యూమినియం బాగా వ్యాకోచిస్తుంది, టైటానియం అందులో సగం కూడా వ్యాకోచించదు. స్టీల్ కంటే కూడా తక్కువే. నడివేసవిలో ట్రాఫిక్‌లో ఇంజిన్ మరిగిపోతుంటే ఆ తేడా మొత్తం భారంగా బోల్టు మీదే పడుతుంది. సైడ్ స్టాండ్ పిన్ను రోజుకు ఇరవైసార్లు రుద్దుకునేది. రాపిడికి టైటానియం త్వరగా అరుగుతుంది.

డిస్క్, కాలిపర్ బోల్టుల దగ్గరికి వస్తే.. రీల్స్‌లో ఎక్కువగా చూపించేవి ఇవే. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ బండి వేగం మొత్తాన్ని ఆపే బలం ఈ కొన్ని బోల్టుల గుండానే వెళ్తుంది. కంపెనీ ఇక్కడ వాడిన బోల్టుకు గ్రేడ్, తల ఆకారం, మర లేని నున్నటి భాగం పొడవు అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. సైజు సరిపోయిందని జనరల్ బోల్టు వేయడం మంచిది కాదు. వేయాలనే పట్టుదల ఉంటే, ఆ మోడల్ డిస్క్ కోసమే తయారుచేసి టార్క్ అంకెతో సహా ఇచ్చిన గ్రేడ్ 5 బోల్టు మాత్రమే వేయాలి. డిస్క్ బోల్టులకు చాలా బండ్లలో కంపెనీయే థ్రెడ్‌లాకర్ పూసి పంపుతుంది. ఇక్కడ పేస్ట్ కాదు, అదే థ్రెడ్‌లాకర్ మళ్లీ పూయాలి. పేస్ట్ గానీ, గ్రీజు గానీ డిస్క్ మీదో ప్యాడ్ మీదో అంటితే బోల్టు విరక్కపోయినా బ్రేక్ పడదు.

చట్టం, వారంటీ సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. రోడ్డు మీద పోలీసుల కన్ను ముందుగా పడేది సైలెన్సర్ మీద, నంబర్ ప్లేట్ మీద. ఫెయిరింగ్ బోల్టు రంగు చూసి బండి ఆపరనుకోవచ్చు. కానీ నంబర్ ప్లేట్‌కు మాత్రం టైటానియం వేయొద్దు. హై సెక్యూరిటీ ప్లేట్లను ఒకసారి విప్పితే మళ్లీ వాడలేని స్నాప్ లాక్‌లతోనే బిగిస్తారు. వాటిని పీకి రంగు బోల్టులు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. వారంటీలో ఉన్న బండికి ఇంజిన్ కవర్ బోల్టులు మార్చి, తర్వాత అక్కడ ఆయిల్ లీకైతే సర్వీస్ సెంటర్ మొదట అడిగేది ఆ బోల్టుల గురించే.

తుప్పే బాధ అయితే..

పాత బోల్టులు తుప్పు పట్టాయన్నదే కష్టమైతే దానికి టైటానియం దాకా వెళ్లక్కర్లేదు. ఏ2-70 అని తల మీద ముద్ర ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, ఊళ్లలోని మంచి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. వాటి బలం 700 మెగాపాస్కల్స్. 8.8 కంటే తక్కువే కాబట్టి వీటినీ బ్రేకుల దగ్గర వాడకూడదు, బాడీ భాగాలకు మాత్రం దర్జాగా సరిపోతాయి. టైటానియం బోల్టు ఒక్కటే వందల్లో పలికే చోట స్టెయిన్‌లెస్‌తో మొత్తం ఫెయిరింగ్ పని అయిపోతుంది. టైర్లు అరిగిపోయి, బ్రేక్ ప్యాడ్లు రేకుకు తగులుతున్న బండికి టైటానియం బోల్టులు వేయించడం మాత్రం ఎవరూ చేయకూడని ఖర్చు.

అన్నీ చూసుకున్నాక కూడా వేయిస్తే.. బోల్టులన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కోటి విప్పి ఒక్కోటి బిగించండి. పొడవు మిల్లీమీటర్ తేడా లేకుండా పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. పొడవైన బోల్టు లోపల అడుగుకు తగిలితే రెంచ్ 'టిక్' మంటుంది కానీ భాగం బిగిసి ఉండదు. బిగించాక బోల్టు తల మీదుగా మార్కర్‌తో సన్నని గీత గీసి పెట్టండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఆ గీత చెదిరితే బోల్టు కదిలినట్టే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మళ్లీ టార్క్ చూడాలి. విప్పిన ఒరిజినల్ బోల్టుల్ని ఏది ఎక్కడిదో చీటీ రాసి ఒక డబ్బాలో దాచండి. బండి అమ్మేటప్పుడైనా, ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగినప్పుడైనా ఆ డబ్బా అక్కరకొస్తుంది.